గుంతల చేపలు బతికినయా

చేపలంటే నాకు చిన్నప్పటి సంది పడదు. అక్క ఇంట్ల చేపల పులుసు వండిన్నాడు నేను బయట అరుగు మీద కూసొని మామిడికాయ తొక్కు ఏసుకొని తినేదాన్ని. అసొంటిదాన్ని తీస్కపోయి చేపల చావుబతుకుల మీద కూసోబెట్టిండ్రు. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తది, ఆ ఎనక కోపం గూడ వస్తది. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివిన పిల్లకు గోదావరిఖనిల ఏం పనుంటది? ట్యూషన్లు చెప్పుకోవాలె, లేకుంటే ప్రైవేటు కాలేజీల నోరు నొప్పి పుట్టేదాకా లెక్కలు చెప్పాలె. అందుకే పట్నం నుంచి వచ్చిన ఒక పరిశోధన ప్రాజెక్టుల అసిస్టెంటు కొలువుందంటే చేపలా, తేళ్ళా అని గూడ అడగలే. చేరిపోయిన.

పని మా అక్కనిచ్చిన ఊరి పక్కన. పక్కన అనుడు గూడ తప్పే, ఆ ఊరి పొలాలల్లనే. ఎన్కట ఆడ ఓపెన్‌కాస్టు తవ్విండ్రు. బొగ్గు అయిపోయినంక మిషిన్లు వేరే దిక్కు పోయినయి, గుంత మిగిలింది. ఊట నీళ్ళు, వాన నీళ్ళు చేరి చేరి అది పెద్ద చెరువంత అయింది. మా బావ పొలం ఆ గుంతలనే పోయింది. ఎక్కడ అని అడిగితే థర్మాకోల్ తెప్ప మీద నడిమిట్లకు తీస్కపోయి, "ఇగో మర్దలా, ఈడ బాయి. అగో, ఆడ జామచెట్టు. మీ అక్క లగ్గమైన కొత్తల ఆ చెట్టెక్కి కిందవడ్డది" అని నీళ్ళు చూపెట్టేటోడు. ఆయన నవ్వుకుంటనే చెప్పేటోడు. నాకే నవ్వు రాకపోయేది.

భూమి పోయినందుకు ఇంటికి ఒక్క కొలువు ఇచ్చిండ్రు. బావోళ్ళ ఇంట్ల అది పెద్దన్నకు పోయింది. బావకు మిగిలింది ఈ నీళ్ళే. భూములు పోయిన ఇండ్లోళ్ళంత కలిసి ఒక సంఘం పెట్టుకున్నరు, గుంతల చేపపిల్లలు ఏసుకుంటమని ఆఫీసుల చుట్టూ తిరిగిండ్రు. తిరగంగ తిరగంగ ఒక మాట సాధించిండ్రు. కొన్నేండ్లు ఏసి చూద్దాం, ఏసిన చేపల్ల సగమన్న ఏడాది బతికితే గుంత సంఘానికే ఉంటది. బతకకుంటే పాత ప్లాను ప్రకారం మట్టితోని పూడ్చేస్తరు. బతికినయా, సచ్చినయా అని తేల్చి చెప్పుడే మా ప్రాజెక్టు పని.

"దీనికి లెక్క దేనికే? వలేస్తే చేపలు పడుతలేవా?" అని బావ నన్ను ఎగతాళి చేసేటోడు. పడుతున్నయి, కాదన్లే. గని పడ్డయి నిరుడు ఏసినయా, మొన్న ఏసినయా? గుంత లోతు ఎంతుందో ఎవ్వనికి తెల్వదు. అందుకనే కొన్ని రవ్వ చేపలను, కొన్ని బొచ్చె చేపలను పట్టి, వీపు మీద నెంబరున్న చిన్న పసుపుపచ్చ బిళ్ళ గుచ్చి మళ్ళ నీళ్ళల్ల ఇడవాలె. ఏ నెంబరు ఎప్పుడు దొరికింది, ఎక్కడ దొరికింది అన్నది చూసుకుంట పోతే బతుకు లెక్క దొరుకుతది.

ఆ ముచ్చట సంఘం మీటింగుల చెప్పుటానికి మా సారు లేచిండు. ఆయనది కోస్తా. మంచి మనిషి, చదువుకున్న మనిషి, జ్యోతినగర్‌ల కిరాయికుండేటోడు. కాకపోతే చిన్న మాటను గూడ చుట్టూ తిప్పి తీస్కొచ్చేటోడు. "ఇది మీరు ఎలా అర్థం చేసుకోవాలంటే" అని మొదలువెట్టి చానసేపు చెప్పిండు. మందంత ఆవులిస్తున్నరు. బావ చూసి చూసి లేచి, "ఏం లేదే, గని లోపలికి దిగేటప్పుడు మనోళ్ళకు బిళ్ళ ఇయ్యరా? గట్లనే చేపకు. గంతే" అన్నడు. అందరు పక్కున నవ్విండ్రు, అందరికి అర్థమైంది. ఆ ఊళ్ళె ఇంటికొకలన్న గనిల చేసెటోళ్ళే కదా. సారు గూడ మెచ్చుకున్నడు. బిళ్ళున్న చేప దొరికితే బిళ్ళ తీసి మా షెడ్డుల ఇయ్యాలె, చేప వాళ్ళే తీస్కపోవచ్చు, బిళ్ళకొక స్టీలు గిలాస ఇస్తం అని చెప్పినం.

ఇగ నా అసలు పని మొదలైంది.

బిళ్ళేసిన చేప ఒకటి మళ్ళ కనపడకపోతే దానికి రెండు కారణాలు. ఒకటి, అది సచ్చిపోయింది. రెండు, బతికే ఉన్నది, మనకు చిక్కలే. ఈ రెండిట్ల ఏది ఎంత అని ఇడదీసి చెప్పేదే మోడల్. మా దగ్గర అసొంటియి నాలుగైదు ఉండె. దేన్ని నమ్మాలె, దేన్ని నమ్మొద్దు అని పరీక్ష పెట్టుడు నా వంతు. దాంట్ల ఒక మోడల్‌కు నేను పెద్దమనిషి అని పేరు పెట్టుకున్న. ఎందుకంటే అది ఏది చెప్పినా గట్టిగ చెప్తది. అటిటు అనుమానం లేకుండ, పంచాయితీల కుర్చీ ఏసుకొని కూసున్నట్టు. సారుకు ఆ మోడల్ అంటే పానం.

మొదటి ఏడాది బిళ్ళలు చాన తక్కువ వచ్చినయి. సరే, పట్టేటోళ్ళు తక్కువున్నరు గదా అనుకున్నం. ఇంతల రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. గనులు బందు, బస్సులు బందు, బళ్ళు బందు. సారు ఊరికి పోయి ఆన్నే చిక్కుకున్నడు. డ్యూటీ లేని మనుషులు ఎంతసేపని ఇంట్ల కూసుంటరు? పొద్దుగాల ధర్నాకు పోతరు, పొద్దు తిరిగినంక గాలాలు పట్టుకొని గుంత గట్టు మీదికి వస్తరు. సంఘమోళ్ళు గూడ, పోనీ పాపం, జీతాల్లేవు, పట్టుకోన్రి అని ఇడిసిపెట్టిండ్రు. ఒడ్డు పొడుగున మనుషులే. చాయ్ బండి గూడ వచ్చి నిలవడ్డది. నేను రోజు పోయి ఎంతమంది గాలాలేసిండ్రు, ఎన్ని వలలు దిగినయి అని రాసుకొని కంప్యూటర్ల ఏసేదాన్ని.

అంతమంది పట్టినా బిళ్ళలు రాలే. పెద్దమనిషికి అది చాలు. ఇంతమంది ఎతికినా దొరుకుతలేవంటే అవి లేనట్టే, సచ్చినట్టే అని తీర్పు చెప్పింది. సగం కాదు గదా, పావుల పావు గూడ బతకలేదన్నది. ఆ అంకె చూసినంక నాకు అన్నం సయించలే. అక్క మొఖం యాదికొచ్చింది. ఆమె ఇద్దరు ఆడపిల్లలు గుంత చేపలతోనే బడికి పోతున్నరు. ఈ సంగతి నేను పోయి ఎట్ల చెప్పాలె?

చెప్పుటానికే పోయిన. బావ గట్టు మీదున్నడని అక్క సద్ది కట్టింది, ఇద్దరం కలిసి పోయినం. ఆడ మా బాపుతోని ఒక్క గనిల చేసిన కాక ఒకాయన గాలమేసి కూసున్నడు. మేం మాట్లాడుతుండంగనే ఆయన గాలానికి మంచి రవ్వ పడ్డది. గుంజి ఒడ్డుకేసిండు. వీపు మీద పసుపుపచ్చ బిళ్ళ. నేను ఒక్క దూకు దూకిన. ఆయన మాత్రం మెల్లగ గాలం ముల్లు ఊడదీసి, చేపను రెండు చేతులతోని పట్టుకొని, కండ్లకు అద్దుకొని నీళ్ళల్ల ఇడిసిపెట్టిండు.

"ఏంది కాక! ఏం చేసినవ్ గిట్ల?" అని ఒర్రిన.

"దానికి బిళ్ళున్నది గద బిడ్డా" అన్నడు.

"బిళ్ళున్నదనే కదనే మీ అందరికి చెప్పింది! తీసి తెమ్మని!"

"తియ్యొద్దమ్మా. నెంబరున్న బిళ్ళను మనిషి నుంచి ఏరు జెయ్యొద్దు. చేపైతేంది, అది గూడ పానమే కదా. మీ బావ చెప్పినప్పటి సంది మేమెవ్వలం ముట్టలే. నీకు తెల్వదా?"

ఎందుకు తెల్వదు! గనోళ్ళ వాడకట్టుల పుట్టినదాన్ని. లోపల ఏదన్న జరిగితే ముందుగాల పైకి వచ్చేది బిళ్ళే. దాని మీద నెంబరు చూసి ఎవరి ఇంటికి మనిషిని తోలాల్నో చూస్తరు. అందుకే ఒకల బిళ్ళ ఇంకొకలు చేతుల పట్టుకోరు, తీస్కరమ్మన్నా తేరు. నేను చిన్నప్పుడు మా వాడల ఆడోళ్ళు, బిళ్ళ మాట ఎత్తితేనే, ఏయ్ నోర్ముయ్యి అని కసిరేటోళ్ళు. అన్ని తెలిసి గూడ నాకు ఆ ఆలోచనే రాలే. గుంత పొడుగున అందరు దొరికిన చేపను దొరికినట్టు దండం పెట్టి ఇడిసిపెడుతున్నరు. వలల సచ్చిన చేప పడ్డా, బిళ్ళతోనే నీళ్ళల్ల ఏస్తున్నరట. ఇడిసిపెట్టినోళ్ళు ఒక్కలన్న మాకు చెప్పలే, ఎందుకంటే చెప్పిన పని చెయ్యనట్టైతదని మొహమాటం.

బావకు చెప్తే ముందు నెత్తి కొట్టుకున్నడు. "ఓరి దేవుడా, నా నోరుల మన్నువడ! నేనేదో అర్థమైతదని చెప్తి" అన్నడు. మళ్ళ ఒక్క నిమిషానికే ఆయన మొఖం వెలిగింది. "ఆగాగు. అంటే మీ కంప్యూటర్ సచ్చినయన్నవన్ని ఈ నీళ్ళల్ల తిరుగుతున్నయన్నట్టా?" అన్నడు. నేను అవునన్న. అన్న గద! ఆ గట్టు మీద నవ్వుకుంట, ఎగురుకుంట అవునన్న. అక్క సద్ది మూట ఆన్నే ఇప్పి ముగ్గురం తిన్నం. నా ముంగట చేప కూర ఉన్నా ఆ రోజు నాకు వాసనే రాలే.

ఆ వారమంత నేను కంప్యూటర్ల ఉత్తుత్తి చేపలను పుట్టించిన. ఇది మా పనిల అసలు కిటుకు. గుంతల చేపలెన్ని బతికినయో మనకు తెల్వదు, గని నేను పుట్టించిన చేపలల్ల ఎన్ని బతకాల్నో నేనే పెడుత. దానికి బిళ్ళలేస్త, దొరికిస్త, దొరికినా కొందరు చెప్పకుండ చేస్త. అటెన్క ఆ లెక్కనంత మోడల్‌కిచ్చి, చెప్పు, ఎన్ని బతికినయి అని అడుగుత. నిజం నా గుప్పిట్ల ఉన్నది గనుక మోడల్ అబద్ధమాడితే ఆన్నే దొరుకుతది. పెద్దమనిషికి గట్లనే పరీక్ష పెట్టిన. ముప్పావు వంతు చేపలను బతికించి, చేప దొరికినోళ్ళు ఆ సంగతి చెప్పకుండ పెట్టిన. అంతే, అది అన్ని సచ్చినయని ఎప్పటిలాగనే గట్టిగ చెప్పింది. ఎన్నిసార్లు పెట్టినా గదే మాట. ఎంత గట్టిగ చెప్తే అంత తప్పు. నాకు కడుపు నిండినట్టయింది.

సమ్మె అయిపోయి సారు తిరిగొచ్చినంక అంత చూపెట్టిన. ఆయనకిష్టమైన మోడల్ గదా, కోపమైతడేమో అనుకున్న. కాలే. కళ్ళద్దాలు తీసి తుడుచుకొని, "చాలా మంచి పని చేశావమ్మా. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. ఆ అంకె తప్పని మాత్రమే నువ్వు నిరూపించావు. సరైన అంకె ఎంతో మనకింకా తెలీదు" అన్నడు. నాకు ముందటి మాటే వినవడ్డది. ఎన్కటి మాటకు సరే సార్, సరే సార్ అన్న. అప్పుడు నేను గాలిల ఉన్న.

బిళ్ళ తియ్యమంటే ఎవ్వలు తియ్యరు. తియ్యొద్దు, మరి ఎట్ల? బావనే ఉపాయం చెప్పిండు. బిళ్ళ తియ్యకుండ్రి. నెంబరు చదివి ఫోన్ల చెప్పుండ్రి, చేపను ఉన్నదున్నట్టు నీళ్ళల్ల ఇడువుండ్రి. మాకు అది ఇంక మంచిదాయె. ఒక్క చేప మళ్ళ మళ్ళ దొరికితే అది ఫలానా నెలదాకా బతికే ఉన్నదని బరాబర్ తెలుస్తది, చావు ఏరు, చిక్కకపోవుడు ఏరు అని ఇడదీయొచ్చు. ఇసొంటి లెక్కకు పనికొచ్చే మోడల్ ఏరే ఉన్నది. అది పెద్దమనిషి లెక్క గట్టిగ మాట్లాడదు, అటో ఇటో అని జాగలు ఇడిసిపెట్టి మాట్లాడుతది. నా ఉత్తుత్తి చేపల పరీక్షల అది నిజానికి దగ్గర్ల నిలవడ్డది.

బావ ఇల్లిల్లు తిరిగిండు. గనోళ్ళ వాడకట్టులకు గూడ పోయిండు. "మీరిట్ల దాస్తే మన గుంతనే పోతది. చెప్తే ఉంటది. చేపలు బతికే ఉన్నయి, మా మర్దలు చూసింది, మీరు సాక్ష్యం చెప్పాలె, గంతే" అని బతిమిలాడిండు, కొందర్ని తిట్టిండు. ఆయన మాట మీద అందరు ఒప్పుకున్నరు.

ఆ చలికాలమంత నా ఫోను ఆగలే. "మర్దలా, రాస్కో" అని బావ, "బిడ్డా, మొన్నటోడే మళ్ళ వడ్డడు, మంచిగ బలిసిండు" అని కాక. పట్టిన చేపనే పట్టుడు, ఇడిసిన చేపనే ఇడుసుడు. కొన్ని నెంబర్లు జనాలకు నోటికొచ్చినయి. నెలనెలకు లెక్కేస్తే బతుకు మస్తుగుండె. నేను ఊకుంటనా? పోయి పోయి అక్కకు చెప్పేదాన్ని. ఆ చలికాలంల అక్క ఇంటి కళనే మారిపోయింది. బావను సంఘానికి పెద్దను చేసిండ్రు. ఆయన పెద్ద వల కొత్తది అల్లిచ్చిండు. చిన్నపిల్లను గూడ ఇంగ్లీషు మీడియంల ఏస్తమనుకున్నరు. బావ ఎవరింటికి పోయినా నా గురించే చెప్తుండెనట. కంప్యూటర్ తప్పు పట్టిన పిల్ల అని.

ఎండలు ముదిరినయి.

గుంతల నీళ్ళు తగ్గినయి. ఫోన్లు గూడ తగ్గినయి. ముందు నేను పట్టించుకోలే. ఎండకు ఎవ్వలు పోతలేరేమో అనుకున్న. పోయి చూస్తే అందరు పోతనే ఉన్నరు, వలలు దిగుతనే ఉన్నయి. ఒకటి రెండు చేపలు తేలినయి, కొంగలు ఎత్తుకపోయినయి. మిగిలినయి లోతుల ఏమైతున్నయో ఎవ్వనికి ఎర్క? వానలు మొదలై నీళ్ళు ఎక్కినంక చలికాలపు నెంబర్ల కోసం మళ్ళ ఎదురు చూసిన. రాలే. అందరి నోట్ల నానిన నెంబర్లు గూడ రాలే. కాక ఫోన్ చేసి, "మనోడు కనవడ్తలేడు బిడ్డా" అన్నడు.

అప్పుడు నాకు భయం పట్టుకున్నది. ఎట్లన్న చేసి ఆ చేపలను బతికిచ్చుకోవాలని తండ్లాడిన. మనుషులు చెప్పుడు మానేసిండ్రా? లేదు, ఎండాకాలం నడుమ కొత్తగ బిళ్ళలేసి ఇడిసిన చేపలు దొరికితే వెంటనే చెప్పిండ్రు, చలికాలంల ఎంత చెప్పిండ్రో అంతే. బిళ్ళలు ఊడిపోయినయా? కొన్ని చేపలకు రెండు రెండు బిళ్ళలేసినం ముందే, దొరికినవాటికి రెండు రెండు ఉన్నయి. పోనీ, చేపలు ఎటన్న పోయినయా? చెరువైతే అలుగు ఉంటది, వాగుంటది. ఇది గుంత! దీనికి వాగు లేదు, వంక లేదు, ఏడికి పోతయి? బిళ్ళ గుచ్చుడుకే సచ్చినయా? వల పంజరంల బిళ్ళున్నయి, లేనియి కలిపి ఉంచి చూసినం, రెండు ఒక్కతీరుగనే ఉన్నయి. ఒక్కొక్క తలుపు నేనే తీసుడు, నేనే మూసుడు. చివరికి ఉత్తుత్తి చేపలను మళ్ళ పుట్టించిన. సగానికంటె ఎక్కువ బతికినయని పెట్టి, మా అదృష్టం ఎంత చెడ్డదైతే లెక్క గిట్ల వస్తది అని మళ్ళ మళ్ళ నడిపించిన. ఒక్కసారన్న, ఒక్కసారన్న మా గుంత లెక్కకు దగ్గరగ రాలే.

చలికాలంల బతుకు మంచిగనే ఉన్నది. ఎండాకాలంల పోతున్నయి. రెండు కలిపి ఏడాదికి చూస్తే సగానికి బాగ కిందనే. పెద్దమనిషి చెప్పినంత ఘోరం కాదు. అదే తేడా.

ఎందుకు పోతున్నయో మోడల్‌కు తెల్వదు. నేను సారును అడిగిన, ఎండాకాలం ఎందుకు సస్తున్నయో తెలుసుకుంటే ఏదన్న చెయ్యొచ్చు గద, ఇంకో ఏడాది గడువు అడుగుదాం సార్ అన్న. ఆయన అడిగిండు, నా ముందటనే పట్నానికి ఫోన్ చేసి అడిగిండు. ప్రాజెక్టు గడువు అయిపోయింది, మీకిచ్చిన ప్రశ్నకు జవాబు చెప్పుండ్రి అన్నరట అవతల. సారు ఫోన్ పెట్టి రిపోర్టు కాయితాలు ముందటికి గుంజుకున్నడు. తర్వాత, "మోడళ్ళను పరీక్షించిన భాగం అంతా నీదే. రిపోర్టులో నీ పేరు ముందు పెడతాను" అన్నడు. మెచ్చుకోలు కింద అన్నడు పాపం. నేను బాత్రూంలకు పోయి ఏడ్చిన.

తర్వాత ఏమైందో ముందే చెప్పి పారేస్త. చేపపిల్లలు ఇచ్చుడు బందయింది. కొన్నాళ్ళకు లారీలు మట్టి తెచ్చి ఒక దిక్కు నుంచి పూడ్చుడు మొదలుపెట్టినయి. బావ బసంత్‌నగర్ దిక్కు లోడింగు పనికి పోయిండు. రాష్ట్రం వచ్చిన్నాడు చౌరస్తాల రంగులు చల్లుకుంటుంటే కనవడ్డడు, నా నెత్తి మీద గులాల్ చల్లి, "ఏం మర్దలా, మంచిగున్నవా" అన్నడు. మంచిగున్న బావ అన్న. నాకు తర్వాత చాన కొలువులు వచ్చినయి, ఆ రిపోర్టు చూసే పిలిచిండ్రు. అంత మంచిగనే ఉన్నది. కాకపోతే ఒక్క పగటిపూట ముచ్చట నా గుండెల నుంచి పోతలేదు. అది చెప్పాలనే ఇదంత మొదలుపెట్టిన.

రిపోర్టు పట్నం పోకముందే నా నోటితోని నేనే చెప్పాలని అక్క ఇంటికి పోయిన. ఎవరో చెప్తే వినుడు కంటె అది నయం అనుకున్న. వాన పడి వెలిసింది. అక్క అన్నం పెడుతున్నది. బావ అప్పుడే గుంత నుంచి వచ్చి కాళ్ళు కడుక్కొని పీట మీద కూసున్నడు. నా మొఖం చూసి, "ఏమైందే?" అన్నడు.

"బావా, చేపలు ఎండాకాలం దాటుతలేవు. సగం గూడ మిగుల్తలేవు" అన్న.

ఆయన బుక్క నోట్ల పెట్టుకోబోయి ఆగిండు. "మళ్ళొకసారి చూడరాదు?"

"చూసిన బావా. ఎన్నితీర్ల చూడాల్నో అన్నితీర్ల చూసిన."

"మనోళ్ళు చెప్పకుండ దాసినారేమో?"

"దాయలే. ఈసారి అందరు చెప్పిండ్రు. అందరు చెప్పవట్టే ఇంత గట్టిగ తెలిసింది."

ఆ మాట ఎందుకన్ననో! అన్నంక గని నాకు తట్టలే. చెప్పుమని ఇల్లిల్లు తిరిగింది ఆయననే గద. అక్క గరిటె పట్టుకొని ఉన్నకాన్నే నిలవడ్డది. పిల్లలు బయట ఆడుకుంటున్నరు.

బావ చేతిల బుక్కను మళ్ళ పళ్ళెంల పెట్టిండు. తిడతడనుకున్న. తిట్టినా బాగుండు. మెల్లగ అడిగిండు.

"నీ పెద్దమనిషి ముందుగాల ఏమన్నది? సచ్చినయన్నది. నువ్వేమో అది తప్పన్నవ్. ఇప్పుడు నీది గూడ సచ్చినయనే అంటున్నది."

"అది తప్పు దారిల పోయి చెప్పింది బావా. ఇది..."

"కావచ్చు. నాకు ఆ దారులు తెల్వయి. రెండు ఒక్క కాడికే వచ్చినయి గద. మరి నడుమ ఈ చలికాలమంత మాకు ఆశెందుకు పెట్టినవ్?"

"దాన్నెందుకంటవ్?" అన్నది అక్క. "అదేమన్న అబద్ధం చెప్పిందా? అప్పుడు గూడ ఉన్నదే చెప్పింది, ఇప్పుడు గూడ ఉన్నదే చెప్పింది."

"ఉన్నదే చెప్పింది," అన్నడు బావ. "అబద్ధం చెప్తే కొట్లాడేటోన్ని."

చెయ్యి పళ్ళెంలనే కడుక్కొని లేచి బయటికి పోయిండు.